నాలుగు హద్దులు రాసిన అర్జీ: పిడుగురాళ్లలో ఒక సోమవారం

నిరుడు ఎండాకాలంలో మాచర్ల వెళ్తుంటే మా కారు పిడుగురాళ్ల దాటగానే మొరాయించింది. దాన్ని బాగుచేసిన లారీ మెకానిక్ అప్పటినుంచీ నన్ను అక్కా అంటాడు. అతన్ని ఇక్కడ మస్తాన్ అంటాను. ఈ పోస్టులో ఏ మనిషి పేరూ అసలుది కాదు, ఎందుకో చివరిదాకా చదివితే తెలుస్తుంది. మొన్న శనివారం ఫోన్ చేసి, "అక్కా, మీరు బస్సులు, హోటళ్ల గురించి రాస్తారుగా. సోమవారం రండి, మా ఊళ్లో జరిగింది గూడా రాద్దురు" అన్నాడు. ఏం జరిగిందంటే చెప్పలేదు. "ఫోన్లో వద్దులే" అన్నాడు. ఆ మాటే నన్ను బయలుదేరదీసింది.

ఉదయం ఆరున్నరకు గుంటూరు బస్టాండులో మాచర్ల ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. టికెట్టు నూట పాతిక లోపే. ఎడమవైపు కూర్చుంటే ఎండ తక్కువ. సత్తెనపల్లిలో పది నిమిషాలు ఆగి, తొమ్మిదికి కాస్త ముందే పిడుగురాళ్లలో దించాడు. బస్టాండు ఎదురుగా ఒకావిడ బండి మీద ఇడ్లీ వేస్తుంది. నలభై రూపాయలకు కడుపు నిండుతుంది, కారప్పొడి మాత్రం కొంచెంగా వేయించుకోండి. మస్తాన్ కోసం వచ్చానని చెప్పగానే ఆవిడ గరిటె ఆపి, "ఆ బర్మావోళ్ల సంగతికా? నేను గూడా సంతకం పెట్టానమ్మా. పెట్టి నాశనం చేశా వాళ్లని" అంది. డబ్బులిస్తుంటే మళ్లీ నా మొహం చూడలేదు.

మస్తాన్ బైకు మీద పది నిమిషాలు వెళ్తే సున్నపు బట్టీల వెనక మూడు రేకుల పాకలు. తలుపులు తీసే ఉన్నాయి. లోపల ఎవరూ లేరు. దండెం మీద చిన్న గౌను ఒకటి సున్నం దుమ్ము పట్టి అట్టలా బిగుసుకుపోయి ఉంది. బర్మా నుంచి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పారిపోయి వచ్చిన మూడు కుటుంబాలు ఇక్కడ రెండేళ్లు బట్టీ పని చేసుకుని బతికాయి. శరణార్థి కార్డులున్నాయి వాళ్ల దగ్గర. అయినా వారానికోసారి పోలీసులెవరో వచ్చి విచారణ అంటూ పిలుచుకుపోయి రోజంతా కూర్చోబెట్టేవాళ్లు, పిల్లల్ని బడిలో చేర్చుకునేవాళ్లు కాదు. అది చూడలేక ఊరివాళ్లే కదిలారు. మస్తాన్, కిరాణా కొట్టు సెట్టిగారు, బట్టీ కూలీలు, మసీదుకు వచ్చేవాళ్లు, గుళ్లో భజన చేసేవాళ్లు కలిసి రెండు వందల సంతకాలు పోగుచేశారు. వాళ్లను మనుషుల్లా చూడండి, పిల్లలకు చదువు చెప్పండి అని, అంతే.

"అర్జీ ఎవరు రాశారు?" అన్నాను.

"కోటేశ్వర్రావు బాబాయ్. నలభై ఏళ్లుగా దస్తావేజులు రాస్తాడు. ఆయన రాస్తే తిరుగుండదని మేమే బతిమాలాం" అన్నాడు మస్తాన్.

ఆయన తిరుగులేకుండానే రాశాడు. పొలం రిజిస్ట్రేషన్‌కి రాసినట్టే రాశాడు. ఎవరెవరున్నారు, తండ్రి పేరు, వయసు, ఒంటి మీద పుట్టుమచ్చలు. ఆపైన ఒక్కో పాకకూ నాలుగు హద్దులు. తూర్పున బట్టీ, పడమట డొంకదారి, ఉత్తరాన ముగ్గు మిల్లు గోడ, దక్షిణాన తుమ్మచెట్టు. పల్నాడులో అర్జీ అంటే అంతే మరి, హద్దులు లేని కాగితానికి విలువ లేదని అందరి నమ్మకం. ఊరు ఊరంతా దాని కింద సంతకం చేసి పై ఆఫీసులో ఇచ్చింది.

పది రోజులకు పోలీసు జీపు వచ్చింది. "ఎవర్నీ దారి అడగలేదక్కా. చేతిలో మా అర్జీ జిరాక్సు. తుమ్మచెట్టు చూసుకుని నేరుగా వచ్చారు. పేర్లు చదివి, పుట్టుమచ్చలు చూసి మరీ ఎక్కించారు" అన్నాడు మస్తాన్. చెబుతూ తుమ్మచెట్టును కాలితో ఒక్కటి తన్నాడు.

ఆ రోజు బిడ్డకు జ్వరమని ఆసుపత్రికి వెళ్లిన ఒక తల్లి మిగిలిపోయింది. మస్తాన్ నన్ను ఆమె దగ్గరికి తీసుకెళ్లాడు. ఎంతసేపు, ఎటు అన్నది రాయను. ఆమెకు పాతికేళ్లుంటాయేమో. రెండేళ్లలో వంటబట్టిన తెలుగులో, "మీరూ రాస్తారా?" అని అడిగింది. పేరు రాయనన్నాను. "నా పేరు వద్దు. మా ఆయన్ని ఎక్కడ పెట్టారో, అది రాయించి తెప్పించండి" అంది. నేను అలవాటు కొద్దీ ఫోన్ తీసి ఒక ఫోటో కొట్టాను. వెనకాల ఒక కొట్టు బోర్డు పడింది. అక్కడే దాన్ని చెరిపేశాను. ఇంత విని కూడా ఆ పని చేసిన నన్ను నేను ఇంకా తిట్టుకుంటూనే ఉన్నాను.

పదకొండు గంటలకు మస్తానూ నేనూ నరసరావుపేట బస్సెక్కాం. నకరికల్లు మీదుగా గంటంబావు, టికెట్టు డెబ్బై దాకా. అక్కడ ఒక ఆఫీసులో అర్జీలు తీసుకునే రోజు. కోటేశ్వర్రావు గారు అక్కడి బస్టాండులో కలిశారు. డెబ్బై దాటిన బక్క మనిషి, చంకలో ప్లాస్టిక్ ఫైలు. ఈసారి అర్జీలో ఒకటే అడిగారు, పట్టుకెళ్లిన ఫలానా మనిషి ఎక్కడున్నాడో అతని భార్యకు చెప్పమని. అర్జీదారుగా భార్య పేరు రాయాల్సిన చోటు ఖాళీగా వదిలేశారు.

గుమాస్తా కాగితం తిరగేసి, "అర్జీదారు పేరేది? అడ్రసేది?" అన్నాడు.

"రాయలేదండీ" అన్నారు పెద్దాయన.

"వివరాలు లేకుండా ఎట్టా చెబుతామండీ? రాసుకుని రండి."

పెద్దాయన అక్కడే బల్ల మీద కాగితం పెట్టి, తన పేరు, తండ్రి పేరు, తన ఇంటి నాలుగు హద్దులూ రాసిచ్చారు. గుమాస్తా చదివి, "ఆ మనిషి మీకేమవుతాడు?" అన్నాడు.

"ఏమీ కాడు బాబూ. ఒక ఊళ్లో ఉన్నాం."

"భార్యో, తల్లిదండ్రులో వస్తేనే చెబుతాం. ఆమెను రమ్మనండి, తప్పేంది?"

తప్పేందట! మొగుడు ఎక్కడున్నాడో తెలియాలంటే ఆమె ఎక్కడుందో చెప్పాలి. ఇంత చక్కని ఉచ్చును అంత మర్యాదగా పన్నడం నేనెక్కడా చూడలేదు. గట్టిగా ఏదో అనబోతే మస్తాన్ నా మోచెయ్యి పట్టుకున్నాడు. పెద్దాయన కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు.

తిరుగు బస్సులో ఆయనే అన్నారు. "హద్దులు రాస్తే ఆస్తి నిలబడుద్దమ్మా, నలభై ఏళ్లు అదే చూశా. వీళ్లకి గూడా కాస్త చోటు నిలబడుద్దనుకున్నా. నా తప్పు రాయి. నా పేరు గూడా రాయి." తప్పు రాశాను. పేరు రాయలేకపోయాను. ఆయన తప్పు చేశారని నాకు ఇప్పటికీ అనిపించడం లేదు, ఆ కాగితం మంచివాళ్ల చేతికే వెళ్తుందని నమ్మారు, అంతే. అలా నమ్మే మనుషులు ఒక ఊళ్లో రెండు వందల మంది ఉండడం మన అదృష్టం. వాళ్ల నమ్మకాన్నే వాడుకుని వాళ్ల పొరుగువాళ్లను పట్టుకుపోయిన తీరు తలుచుకుంటే నాకు ఒళ్లు మండిపోతోంది.

ప్రతి పోస్టు కిందా మ్యాపు పెడతాను. దీనికి పెట్టడం లేదు. పిడుగురాళ్ల వెళ్లేవాళ్లకు ఒకటే సూచన. పొద్దున్నే వెళ్లండి, దుమ్ముకు ముక్కుకో గుడ్డ ఉంచుకోండి, బస్టాండు ఎదుట ఇడ్లీ తినండి. ఆ తల్లీబిడ్డా ఎక్కడున్నారని మాత్రం ఎవర్నీ అడక్కండి. మీరు ఎంత మంచివాళ్లయినా ఆ ఊళ్లో ఎవరూ చెప్పరు. పోయినసారి చెప్పారు.