బ్యాటరీలు లేని బీపీ మిషన్

"మామ్మా, ఆ బ్యాటరీలు ఇలా ఇవ్వండి. లక్ష్మి కాళ్లు చూశారా? మొహం కూడా ఉబ్బింది."

"మంగళవారం చూద్దువుగానిలే. రోజూ నొక్కుతా కూచుంటే అవి వారం కూడా రావు."

"బీపీ పెరిగి ఫిట్స్ వస్తే తల్లికీ బిడ్డకీ ప్రమాదమండీ. మంగళవారం దాకా ఆగుతాయా అవి?"

"నెలలు నిండితే కాళ్లు వాస్తాయి. నలుగుర్ని కన్నాను, నాకు నేర్పకు."

ఇలా గొడవపడింది నేనూ, మా పేట ఆరోగ్య గది చూసుకునే దుర్గా. లక్ష్మి నా కోడలు. తొమ్మిదో నెల. పక్కనే కూచుని అంతా వింది.

దయ్యాలూ గియ్యాలూ నేనేనాడూ నమ్మలేదు. కొల్లేరు గట్టున చేపల చెరువులకి ఒంటరిగా కాపలా కాసినదాన్ని. రెండో తరగతితో ఆపేసినా అంకెలు బాగా వచ్చు.

మాది యానాదుల పేట. వానొస్తే గట్టు దారిన నర్సమ్మ రాలేకపోయేది. అందుకని పేటవాళ్లమే ఒక గది వేసుకుని, మా పేట పిల్ల దుర్గని ఏలూరు పంపి పని నేర్పించాం. బీపీ చూసేది మంగళవారాలని కట్టుబాటు. దేన్నీ పాడుచెయ్యనని సామాను నాకు అప్పజెప్పారు. వాడగానే మిషన్లోంచి బ్యాటరీలు తీసి మా ఇంట్లో బియ్యం డబ్బాలో పెట్టేదాన్ని.

దుర్గ విసురుగా వెళ్లిపోయింది. సాయంత్రం, ఇంకా ఎండ ఉండగానే, ఊడుద్దామని గది తాళం తీశాను. లోపల బుర్రుమని చప్పుడు. బల్ల మీద మిషన్ ఆడుతోంది. జబ్బకి చుట్టే పట్టీ, లోపల ఎవరి చెయ్యీ లేకుండానే, గుండ్రంగా ఉబ్బి నిలబడింది. మెల్లగా గాలి దిగింది. అంకెలు పడ్డాయి. పైన నూట డెబ్భై ఎనిమిది, కింద నూట పదహారు.

తిరగేసి మూత తీశాను. ఖాళీ. దానికి కరెంటు వైరు లేనే లేదు.

ఇంటికెళ్లి డబ్బాలో చెయ్యి పెట్టాను. నాలుగూ బియ్యంలోనే ఉన్నాయి. తీసుకెళ్లి దుర్గ చేతిలో పెట్టాను. నేను చూసింది మాత్రం చెప్పలేదు. తను లక్ష్మికి పట్టీ చుట్టింది. అవే అంకెలు. దుర్గ ఆటో కోసం పరిగెత్తింది.

ఏలూరు ఆసుపత్రి గుమ్మంలోనే లక్ష్మికి ఫిట్స్ వచ్చాయి. ఆ రాత్రే ఆపరేషన్ చేశారు.

తర్వాత ఆ మిషన్ని బాగుచేసేవాడికి చూపించాను. బ్యాటరీ లేందే ఒక్క అంకె కూడా రాదన్నాడు. అది నాకూ తెలుసు. చూసిందీ నేనే. ఎలా జరిగిందో ఇవాళ్టికీ చెప్పలేను.

ఆపరేషన్ మర్నాడు పొద్దున్న లక్ష్మి కళ్లు తెరిచింది. ఆడపిల్ల, బతికింది. బిడ్డని ఎత్తుకుని మంచం పక్కనే నిలబడ్డాను. లక్ష్మి నావైపు చూసి, "దుర్గని పిలవండి" అంది.

బయటికెళ్లి పిలిచాను.