కుర్చీ మీద ఐదు మార్కులు

నేను మనుషుల తృప్తిని కొలిచే పని చేశాను. ఈ మాట చెబితే మా చుట్టాలు ఇప్పటికీ నవ్వుతారు. "బియ్యం కొలిచినట్టు కొలుస్తవా?" అని మా మేనత్త అడిగేది. డెబ్బైల మధ్యలో, పునరావాస వైద్యంలో పరిశోధన మొదలుపెట్టిన కొత్తలో, అది నిజంగా అంత తేలికేననుకున్నాను. కాలు పోయినవాళ్లకు ఆస్పత్రిలో కట్టెకాలు బిగించి నడక నేర్పేవాళ్లం. కొన్ని నెలలు పోయాక నేను పాతబస్తీలో వాళ్ల ఇళ్లకు వెళ్లి ప్రశ్నలు అడిగేదాన్ని. మెట్లు ఎక్కగలరా? కుర్చీలోంచి ఒకరి సాయం లేకుండా లేవగలరా? ఆఖరున, మీ బతుకుతో మీకు తృప్తి ఉందా? ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు. ఆ ప్రశ్నల్ని ఏదో విదేశీ పత్రికలోంచి తీసుకుని నేనే తెలుగు చేశాను. ఆ సంగతి నలుగురికీ గొప్పగా చెప్పుకున్నాను కూడా.

మార్కులు బ్రహ్మాండంగా వచ్చేవి. తృప్తి ఉందా అంటే తురకలుండే ఇళ్లలో "అల్లా కా షుకర్ హై" అనేవారు, పక్క గల్లీలో "దేవుని దయ" అనేవారు. నేను ఐదు వేసి పేజీ తిప్పేదాన్ని. మా ఇంట్లో కిరసనాయిలు అయిపోయి పొయ్యి వెలగని రోజు కూడా ఎవరైనా పలకరిస్తే మా నాన్న "మంచిగనే ఉన్నం" అనేవాడు. అది వింటూ పెరిగినదాన్నే నేను. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు.

ఆ ఐదుల్లో నాకు బాగా నచ్చిన ఐదు యాకుత్‌పురాలో ఉండేది. అతడు బట్టల మీద జరీ పువ్వులు కుట్టే జర్దోజీ పనివాడు, ముప్పై ఏళ్లుంటాయి. కదులుతున్న రైలు ఎక్కబోయి జారి, కుడికాలు మోకాలి పైదాకా పోగొట్టుకున్నాడు. ఆస్పత్రిలో అందరికంటే ముందు నడక నేర్చాడు. నేనెప్పుడు వెళ్లినా బూటు వేసిన కట్టెకాలితో నిటారుగా లేచి నిలబడి, తన కుర్చీ నాకిచ్చేవాడు. పక్కన తల్లి చాప మీద కూర్చుని లక్కగాజులకు రాళ్లు అద్దుతుండేది. నేను ప్రశ్నలు అడగడం, అతడు షుకర్ అనడం, చాయ్ తాగి నేను లేవడం. ఏడాదిలో మూడుసార్లు వెళ్లాను. మూడుసార్లూ ఐదే. ఇల్లలకగానే పండుగ కాదని తెలియని వయసు.

నాలుగోసారి వేరే ఇంట్లో ఎవరూ లేకపోవడంతో చెప్పిన వేళకంటే గంట ముందే వెళ్లాను. తలుపు తీసే ఉంది. నేల మీద దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచి తల్లి, ఆవిడ విధవ కూతురు అన్నం తింటున్నారు. అతడు కుర్చీలో కూర్చుని, పళ్లెం ఒళ్లో పెట్టుకుని, వాళ్లకు వీపు చేసి గోడవైపు తిరిగి తింటున్నాడు. నన్ను చూసి కంగారుగా లేవబోయాడు. పళ్లెంలోని పప్పు బూటు మీద పడింది.

"ఏంది, ఇంట్ల కొట్లాట అయ్యిందా?" అన్నాను నవ్వులాటగా.

"లేదు డాక్టరమ్మా," అన్నాడు. "అమ్మీ కింద కూసుంటే, నేను ఆమె నెత్తి మీద కూసున్నట్టు కుర్చీల కూసొని ఎట్ల తింట? అందుకే గోడ దిక్కు తిరుగుత."

"మరి కింద కూర్చోవచ్చు కదా?"

జవాబు తల్లి చెప్పింది. ఆవిడ కుండ బద్దలు కొట్టే మనిషి. "ఎట్ల కూసుంటడు బేటా? గా కాలు మడత పడదు. నిద్రపోయేటప్పుడు తప్ప తియ్యొద్దని మీరే చెప్పిండ్రంట గద. కార్డు మీద రాసిచ్చిండ్రు గూడ. ఏడాది నుంచి గా మాట మీదనే ఉన్నడు. కార్ఖానాల నేల మీద కూసొనే కుట్టాలె. గిట్ల కాలు సాపుకొని బట్ట బిగించిన చౌకట్టు కాడ ఎట్ల కూసుంటడు? ఉస్తాద్ రెండుసార్లు మనిషిని పంపిండు. ఇగ జాగా వేరేటోల్లకు ఇస్తనంటున్నడు."

నాకు కోపం వచ్చింది. మొదట అతడి మీదే వచ్చింది, దాచుకోవడం ఎందుకు. "నేను ఇన్నిసార్లు అడిగాను, బతుకుతో తృప్తి ఉందా అని. ఒక్కసారి చెప్పలేవా?" అని గట్టిగానే అన్నాను.

అతడు తలవంచుకున్నాడు. "లేదంటే నాషుక్రీ అయితది గద డాక్టరమ్మా, చేసిన మేలు మరిచినట్టు. కాలిచ్చిండ్రు, నడిపిచ్చిండ్రు. ఇంటికొచ్చినోల్లకు ఏడుపు ముఖం ఎట్ల చూపిస్త?"

కోపం దిగిపోయి సిగ్గు ఎక్కింది. నేను అడిగిన ప్రశ్నలన్నీ కుర్చీల గురించే. ఆ ఇంట్లో ఉన్న ఒకే కుర్చీ నా మాట నిలబెట్టడానికి కొన్నది. కాలు తీస్తే నడక అలవాటు తప్పుతుందని నేనన్న ఒక్క మాటకు ఆ మనిషి ఏడాది పాటు పనినీ తల్లి పక్కన చోటునీ వదులుకున్నాడు. నేనేమో మూడుసార్లు చాయ్ తాగి వచ్చాను.

"ఇంట్లో తీసెయ్యి. కార్ఖానాకు దాంతో నడిచి వెళ్లి, అక్కడ విప్పి కూర్చో," అన్నాను.

నమ్మలేదు. "రాసిస్తరా?" అన్నాడు.

ఆస్పత్రి కార్డు తెచ్చాడు. నా రాతను నేనే అడ్డంగా కొట్టేసి, కింద కొత్తమాట రాసి సంతకం పెట్టాను. అతడు దాన్ని రెండుసార్లు చదువుకున్నాడు. తర్వాత పట్టీలు విప్పి, కుర్చీని ఆనుకుని నెమ్మదిగా చాప మీదికి జారాడు. తల్లి పక్కకు జరిగింది. తన పళ్లెంలోంచి ఒక ముద్ద తీసి అతడి పళ్లెంలో వేసింది. ఆవిడ కళ్లు తుడుచుకుంటే నేను కిటికీలోంచి బయటికి చూశాను.

మా ప్రొఫెసర్‌కు ఈ సంగతి రుచించలేదు. "ఒక్క పేషెంటు కోసం ఇంత మంచి పట్టిక చెడగొట్టుకుంటావా?" అన్నారు. ఒక్కరు కాదని నాకప్పటికే తెలుసు. పాత ఇళ్లన్నీ మళ్లీ తిరిగాను. తృప్తి సంగతి పక్కన పెట్టి, నిన్న ఎక్కడ కూర్చుని తిన్నారు, ఎవరి పక్కన తిన్నారు అని అడిగాను. ఐదులు చాలా రాలిపోయాయి. థీసిస్ ఆలస్యమైంది. తర్వాత పాతికేళ్లు చేసిన పనంతా ఆ రాలిన ఐదుల్లోంచి పుట్టిందే.

మరుసటేడు అతడి కార్ఖానాకు వెళ్లాను. పొడుగాటి కర్ర చౌకట్టుకు బిగించిన బట్ట మీద వంగి నలుగురు కుడుతున్నారు. అతడు మూడోవాడు. కట్టెకాలు బూటుతో సహా గోడకు ఆనించి ఉంది. పాత ప్రశ్నే అడిగాను.

"షుకర్," అన్నాడు. సూది ఆపి నా ముఖం చూశాడు. "గని డాక్టరమ్మా, ఉస్తాద్ నాకు మొత్తం అంచు పనే ఇస్తుండు. ఏడాది రాలేదు గద, పువ్వుల పని చిన్నోల్లకు పోయింది. గీడ ఎలుతురు గూడ మంచిగ లేదు. నడుము మస్తు గుంజుతది."

చాయ్ చల్లారేదాకా చెబుతూనే ఉన్నాడు. నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను. కాగితం మీద మూడు వేశాను. అతడు మెడ చాచి చూశాడు.

"మూడేనా?"

"తక్కువైందా?"

"లేదు. ఠీకే ఉంది," అని మళ్లీ సూది తీసుకున్నాడు.

మధ్యాహ్నం తిని పొమ్మని ఇంటికి తీసుకెళ్లాడు. అప్పట్లో నేను కూర్చునే పాత కుర్చీ మీద ఉతికిన బట్టలు గుట్టగా ఉన్నాయి. కూతురు వాటిని తీయబోతే తల్లి వద్దంది. "రా బేటా, కింద కూసో," అని ఒక పక్క కొడుకును, ఇంకో పక్క నన్ను కూర్చోబెట్టుకుంది.