మబ్బుని అద్దెకు తెచ్చిన గుంట

ఒకే ఒక్క మాటను తెలుగులోకి మార్చి, నిక్షేపంలాంటి కాఫీ సంఘాన్ని నట్టేట ముంచబోయిన ఘనురాలిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి, అది నేనే. తుఫాను చేసే నష్టం ఒక రకం, చేతిలో నిఘంటువున్న తెలివైన పిల్ల చేసే నష్టం ఇంకో రకం. తుఫానుకైతే ముందు హెచ్చరికైనా వస్తుంది.

మాది పాడేరులో కిరాణా కొట్టు. డిగ్రీ అయ్యాక అరకు దగ్గర ఒక కొండ మీద, గిరిజన రైతుల కాఫీ సంఘంలో కంప్యూటరు ఉద్యోగం దొరికింది నాకు. మా నాన్న అయితే కొట్టుకొచ్చిన ప్రతి మనిషికీ పప్పు తూస్తూ, "మా గుంటకి కంప్యూటర్లో రాని పని నేదు" అని ఊదరగొట్టేవాడు. నేనూ నమ్మేశాను. అక్కడే వచ్చింది చిక్కు.

ఆ ఏడు బెంగళూరు నుంచి తెలుగు తెలిసిన ఒక మేడమ్ మా కాఫీ అంతా మంచి ధరకి కొంటానంది. ఒక్కటే షరతు. ఏ గింజ ఎవరి తోటలోది, ఎప్పుడు కోశారు, ఎలా ఆరబెట్టారు అన్నది తను ఎక్కడ కూర్చున్నా తెర మీద కనిపించాలి. అది కుదరకపోతే మా సరుకు మళ్ళీ సంతలో దళారీ చెప్పిన ధరకే పోతుంది. అలా కనిపించాలంటే వివరాలన్నీ క్లౌడ్‌లో పెట్టాలి. క్లౌడ్ అద్దెకిచ్చే కంపెనీ విశాఖపట్నం నుంచి ఇంగ్లీషులో ఒక ఒప్పందం పంపింది. సభ్యులందరూ చేతులెత్తితే తప్ప సంఘం దేని మీదా సంతకం పెట్టదు.

సంఘం అధ్యక్షుడు అప్పన్న పెదనాన్న నన్ను పిలిచాడు. "ఇదిగో గుంటా, మీటింగులో దీన్ని నువ్వే సదవాల. ఇంగిలీసు ముక్క ఒక్కటి ఇనపడకూడదు. మాకు తెలీకుండా సంతకం ఎట్టీనావని రేపు నన్ను దులిపెత్తారు."

ఇంగ్లీషు ముక్క ఒక్కటీ వినపడకూడదట! నాకు పూనకం వచ్చేసింది. ఎందుకొచ్చిన గొడవని 'క్లౌడ్ అంటే దూరాన ఉన్న కంప్యూటర్లు' అనేస్తే సరిపోయేది కదా అని మీరనుకోవచ్చు. అప్పుడు మీరు నా పక్కన లేరు. 'కంప్యూటరు' కూడా ఇంగ్లీషే కదా అని దాన్నీ కొట్టేశాను. క్లౌడ్‌ని మబ్బు చేశాను, డేటాని దత్తాంశం చేశాను, వర్చువల్ మెషీన్‌ని మాయా యంత్రం చేశాను. పైన పెద్ద అక్షరాలతో 'మబ్బు వాడకం, నిర్వహణ ఒప్పందం' అని రాసి, చూసుకుని మురిసిపోయాను.

సభ్యులంతా కల్లంలో కూర్చున్నారు. మార్చి నెల. కిందటేడు ఇదే నెలలో పడాల్సిన పూతవాన పడక, కాఫీ మొక్కల మీద మొగ్గలు మాడిపోయిన సంగతి అప్పటికి నాకు గుర్తే లేదు. గొంతు సవరించుకుని మొదలుపెట్టాను.

"మనకు ఎంత మబ్బు కావాలో అంతే తీసుకోవచ్చు. అవసరాన్ని బట్టి పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. వాడుకున్నంతకే అద్దె."

కల్లమంతా నోరు తెరుచుకుని నాకేసి చూసింది. నా తెలుగుకి ముగ్ధులయ్యారనుకున్నాను.

ముందు వరసలో కూర్చున్న చిలకమ్మత్త లేచింది. కాఫీ, మిరియం రెండూ పండించే మనిషి, ఆవిడ ఒప్పుకుంటే ఊరంతా ఒప్పుకున్నట్టే. "మబ్బుని కూడా అద్దెకిత్తారేటే?"

"ఇస్తారత్తా! పట్నాల్లో అందరూ అదే వాడుతున్నారు."

"టీవీలో సూపించార్లే," అన్నాడు వెనకనుంచి ఒకాయన. "వాన పడాలని ఇమానమెక్కి మబ్బులో మందు కొడతారు. ఆ మాయా యంత్రమంటే ఇమానమే అయ్యుంటాది."

ఆ మాట అప్పుడు నా చెవిన పడలేదు, తర్వాత తెలిసింది. పడినా నేను ఆగేదాన్ని కాదు.

"అయితే పూతకి కొంచెం, పిందె కట్టినాక ఇంకొంచెం, పళ్ళు ఆరబెట్టినప్పుడు అసలొద్దు. అలగ కుదురుద్దేటి?" అంది చిలకమ్మత్త.

"ఎలా కావాలంటే అలా కుదురుతుందత్తా. అదే దీని గొప్ప!" సీజన్‌ని బట్టి వాడకం మార్చుకోవడం గురించి అడుగుతోందని నేను తెగ సంబరపడ్డాను.

తర్వాతి షరతు చదివాను. "మన ప్రాంతపు మబ్బుకి ఏదైనా ఇబ్బంది వస్తే, వేరే ప్రాంతపు మబ్బుని వెంటనే మనకు మళ్ళిస్తారు."

"ఏరే ప్రాంతమంటే పాచిపెంటా?" అత్త మొహం మారింది. "నా తోడబుట్టిన అప్పని అక్కడే ఇచ్చినాం. ఆళ్ళ మబ్బు మనం లాక్కుంటే అది మళ్ళీ నా గుమ్మం తొక్కుద్దేటి?"

"వాళ్ళకేం తక్కువ కాదత్తా, అందరికీ సరిపోయేంత ఉంది కంపెనీ దగ్గర."

"అయితే మరేటి, ఎత్తండి సేతులు!" అంది చిలకమ్మత్త. అన్ని చేతులూ లేచాయి. ఒక ముసలాయన రెండు చేతులూ ఎత్తాడు. ఆ సాయంత్రం నాన్నకి ఫోన్ చేసి, నా తెలుగు విని జనం చప్పట్లు కొట్టారని చెప్పుకున్నాను. మబ్బుల్లో నీళ్ళు చూసి ముంతలో నీళ్ళు ఒలకబోసుకోవడమంటారే, నేను ఆ మబ్బుల్ని ఊరంతటికీ చూపించి అందరి ముంతలూ ఒలకబోయించాను.

ఆ నెలాఖర్లోనే క్లౌడ్ పెట్టడానికి కంపెనీ కుర్రాడు శ్రీకర్, పెట్టింది చూడటానికి బెంగళూరు మేడమ్, ఇద్దరూ ఒకే రోజు దిగారు. జీపు దిగేసరికి డప్పులు. చిలకమ్మత్త శ్రీకర్ మెడలో బంతిపూల దండ వేసి, బొట్టు పెట్టింది. ఇంకొకాయన చంకలో కోడిపుంజుతో నిలబడ్డాడు.

"ఈ కోడి ఎందుకండీ?" అని నా చెవిలో అడిగాడు శ్రీకర్.

"తెలీదండీ, మర్యాదేమో," అన్నాను. నిజంగానే తెలీదు.

"కొండదేవరకి బాబూ. మబ్బు దింపేముందు ఆయనకి సెప్పుకోవద్దేటి?" అన్నాడు కోడి ఆయన.

అప్పటికి గానీ నాకు వెలగలేదు. ఇంతలో చిలకమ్మత్త, "ఎప్పుడు మొదలెడతావు నాయనా?" అంటే, ఆ అమాయకుడు చిరునవ్వుతో, "పది నిమిషాల్లో మీ క్లౌడ్, అదే మీ మబ్బు, వచ్చేస్తుందండీ," అన్నాడు.

"పది నిమిషాల్లోనా! ఓలమ్మో, మిరియాలు ఎత్తీయండర్రా, బేగి!" కల్లం నిండా ఆరబోసిన మిరియాల మీదికి ఊరంతా పరిగెత్తింది. మేడమ్ బిత్తరపోయి జీపెక్కేసింది.

మిరియాలు లోపల పడ్డాక అందరూ ఆకాశంకేసి చూస్తూ నిలబడ్డారు. "ఇమానమేదీ?" అన్నాడు అప్పన్న పెదనాన్న. శ్రీకర్ లాప్‌టాప్ తెరిచి, "విమానమేంటండీ, మబ్బు ఇందులో కనిపిస్తుంది," అన్నాడు.

పెదనాన్న నావైపు తిరిగాడు. "గుంటా, ఇలగ రా."

వెళ్ళాను. "మబ్బంటే... మబ్బు కాదు పెదనాన్నా. ఎక్కడో దూరంగా ఉన్న కంప్యూటర్లు. మన వివరాలు వాటిలో దాస్తారు."

"మరి మబ్బని ఎందుకు సెప్పీనావు?"

"ఇంగ్లీషులో అలాగే అంటారు."

"ఆళ్ళకి మతి నేకపోతే నీకూ నేదేటి?" అంది చిలకమ్మత్త. ఆవిడ కళ్ళలో నీళ్ళు చూసి నాకు ఏడుపొచ్చింది. "మొగ్గలు మాడిపోతన్నాయే. వానొత్తాదనే కదా సేతులెత్తాం! వాన నేకపోతే ఈ సంతకమెందుకు? దించీసినాం సేతులు!"

"దించీసినాం!" అంది ఊరంతా. మేడమ్ జీపులోంచి గడియారం చూసుకుంటోంది. అందరి కాఫీ సంతకి పోయినట్టే, నేను మా నాన్న పక్కన పప్పు తూచడానికి పోయినట్టే. అందరికీ దండం పెట్టి క్షమించమని అడగబోయాను. నోరు తెరిచాను, ఉరుము ఉరిమింది.

ఒట్టు, నేను కల్పించడం లేదు. కొండ వెనకనుంచి నల్లటి మబ్బు దొర్లుకుంటూ వచ్చి, సరిగ్గా మా తోటల మీద ఆగి, కుమ్మరించింది. చిలకమ్మత్త శ్రీకర్‌ని బంతిపూల దండతో సహా కౌగిలించుకుంది. "సెప్పిన టయానికే దింపీసినావు నాయనా!" అని తనే ముందు చెయ్యెత్తింది. వానలో తడుస్తూ ఊరంతా చేతులెత్తింది.

అంతా సుఖాంతమనుకున్నారా? మేడమ్ గొడుగేసుకుని వచ్చి, "ఏదీ, చూపించండి," అంది. శ్రీకర్ లాప్‌టాప్ మీద ఏవేవో నొక్కాడు. వానకి కరెంటు పోయింది, దానితోపాటే టవరూ పోయింది.

"క్లౌడ్ రావట్లేదు మేడమ్," అన్నాడు నీరసంగా.

"ఎందుకని?"

"మబ్బొచ్చింది మేడమ్," అన్నాను నేను.

ఆవిడ పడీ పడీ నవ్వింది. జీపు దారి బురదై ఆ పూట కదల్లేక, చిలకమ్మత్త పొయ్యి పక్కనే కాఫీ తాగుతూ, ఎవరి తోట ఎలాంటిదో వాళ్ళ నోటే వింది. పొద్దున్న సిగ్నల్ వచ్చాక అవే వివరాలు తెర మీద చూసి, సరుకంతా తీసుకుంటానని మాటిచ్చింది.

ఇప్పటికీ ఏటా ఒప్పందం పొడిగించాలంటే మా సభ్యులు ఒక్కటే షరతు పెడతారు: "మార్చిలో ఆ బాబునే పంపమను." అతను రాగానే మిరియాలు ఎత్తేస్తారు. అసలు సంగతి అందరికీ తెలుసు, అయినా ఎందుకైనా మంచిదని.

నేను మాత్రం ఆ రోజే కొండదేవర ఎదుట, ఆ పుంజు సాక్షిగా ప్రమాణం చేశాను: ఈ జన్మలో ఇంగ్లీషు ఒప్పందంలోని ఒక్క ముక్కని కూడా తెలుగులోకి మార్చను, మార్చను, మార్చను.

మొన్న కొత్త ఒప్పందం వచ్చింది. అందులో 'డేటా లేక్' అని ఒక మాట ఉంది. ఉన్నది ఉన్నట్టు 'డేటా లేక్' అనే చదివాను. అప్పన్న పెదనాన్న చెయ్యెత్తి ఆపాడు.

"లేకంటే సెరువే కదేటి? లేక్ వ్యూ రిసార్టని దారిపొడుగునా బోర్డులున్నాయి, నాకు తెలీదేటి? సరేగానీ గుంటా, అందులో సేపలు మనవా, కంపెనీవా?"

నేను నోరు విప్పలేదు. ఒట్టంటే ఒట్టే.