మంచు మీద నా నిష్పాక్షికత

కొంతమందికి పరువు మెల్లగా, ఏళ్ల తరబడి పోతుంది. నాది గుర్గావ్‌లో ఒక మాల్ లోపల, మంచు పరిచిన రింక్ మీద, ఒక్క శనివారం ఉదయం గంటలోపే పోయింది. అదీ మధ్యలో విరామం ఇచ్చి మరీ. ఎలా పోయిందో చెబుతాను, కుర్చీ కాస్త గట్టిగా పట్టుకుని కూర్చోండి.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. మయూర్ విహార్‌లో అద్దె గదిలో ఉంటూ సివిల్స్‌కి చదువుతున్నాను. సివిల్స్ చదివేవాళ్లని మీరు చూసే ఉంటారు. ఉద్యోగం ఇంకా రాదు గానీ కలెక్టర్ గారి నడక ముందే వచ్చేస్తుంది. నాకు నడకతో పాటు న్యాయబుద్ధి కూడా వచ్చేసింది. ఆ పరీక్షలో ఎథిక్స్ అని ఒక పేపరుంటుంది. నిజాయితీ, నిష్పాక్షికత, జవాబుదారీతనం మీద జవాబులు రాసి రాసి, ఆ గుణాలన్నీ నా ఒంట్లో ఇంకిపోయాయని గట్టిగా నమ్మేవాణ్ణి. న్యాయం గురించి నూట యాభై పదాల్లో చెప్పమంటే నూట నలభై తొమ్మిదిలో ముగించేవాణ్ణి.

ఇలాంటివాడు ఐస్ హాకీలోకి ఎలా వచ్చాడంటారా? మా వీధిలో సుజాత అని ఒక నర్సు ఉండేది. నరసాపురం వాళ్లు. అమ్మతో కలిసి ఉండేది. ఆమెతో పాటు ఆస్పత్రిలో పనిచేసే డోల్మా అనే లద్దాఖ్ అమ్మాయి ఐస్ హాకీ జట్టుకి కెప్టెన్. ఎవరికైనా దెబ్బ తగిలితే కట్టు కట్టడానికని సుజాతని వెంటబెట్టుకెళ్లేది. ఒకరోజు వాళ్ల గోలీకే, అంటే గోల్ కాసే అమ్మాయికే, చీలమండ బెణికింది. ఆమెకి కట్టు కట్టాక, దెబ్బ తగలకుండా ఆమె ఒంటికి కట్టుకున్న మెత్తలన్నీ సుజాతకి కట్టి గోల్ ముందు నిలబెట్టేశారు. ఆ రోజు ఒక్క గోల్ కూడా పడలేదు. భయంతో కళ్లు మూసుకున్నానని సుజాత చెప్పింది గానీ, తర్వాత్తర్వాత కళ్లు తెరిచి కూడా ఆపడం మొదలుపెట్టింది.

ఆ జట్టు ఆడే లీగ్ నడిపేది రిటైరైన కల్నల్ గారు. ఆడామగా కలిసి, జట్టుకి గోలీ కాక నలుగురు ఆడే చిన్న లీగే అయినా, ఆయన మాత్రం "ప్రొఫెషనల్ లీగ్" అని తప్ప ఇంకో మాట అనేవారు కాదు. ఆయనకి రెఫరీల కొరత. సుజాత నా పేరు చెప్పింది.

"మా వీధి అన్నయ్య ఉన్నారు సర్, ఏ పుస్తకమైనా బట్టీ పట్టేస్తారు," అందట.

నాలుగు రోజుల్లో రూల్ బుక్ అంతా బట్టీ పట్టేశాను. రెండు నెలల్లో స్కేటింగ్ కూడా వచ్చింది, సగం. ముందుకి వెళ్లడం వచ్చు. ఆగడం సంగతి రింక్ చుట్టూ ఉన్న గోడ చూసుకునేది. అయినా ఆరు మ్యాచ్‌లు నడిపాను, ఒక్కరు కూడా వేలెత్తి చూపలేదు. ఇంక నాకంటే గొప్ప రెఫరీ ఈ ఢిల్లీ చుట్టుపక్కల లేడని తీర్మానించుకున్నాను.

ఏడో మ్యాచ్ సెమీఫైనల్. ఒకవైపు డోల్మా, సుజాతల జట్టు. రెండోవైపు స్టాన్‌జిన్ అనే లద్దాఖ్ కుర్రాడి జట్టు. ఢిల్లీ జట్టుకి ఆటగాళ్లని ఎంచే సెలెక్టర్లు ఫైనల్‌కి మాత్రమే వస్తారు. అంటే ఈ మ్యాచ్ ఓడితే సుజాతని వాళ్లు చూడనే చూడరు. దీనికోసం ఆమె మూడు డ్యూటీలు మార్చుకుని, రాత్రంతా వార్డులో నిలబడి, అక్కణ్ణుంచి సరాసరి రింక్‌కి వచ్చింది.

ఇక్కడే నా ఎథిక్స్ పేపర్ నిద్రలేచింది. తీర్పు చెప్పేవాడికి ఎవరితోనైనా చుట్టరికమో స్నేహమో ఉంటే ముందే నలుగురికీ చెప్పేయాలని కదా అందులో రాస్తాం! ఆట మొదలుకాకముందే రింక్ మధ్యలోకి వెళ్లాను. ప్రేక్షకులు కూడా వినాలని కల్నల్ గారి మైకు తీసుకున్నాను.

"మ్యాచ్‌కి ముందు ఒక నిజం చెప్పడం నా ధర్మం. ఈ జట్టు గోలీ సుజాత గారి ఇంట్లో నేను పదకొండు ఆదివారాలు చేపల పులుసు తిన్నాను. అయినా నేను నిష్పాక్షికంగా ఉంటాను," అని హిందీలో గంభీరంగా ప్రకటించాను.

చప్పట్లు వస్తాయనుకున్నాను. రాలేదు. అంతవరకూ స్కేట్ల తాళ్లు కట్టుకుంటున్న స్టాన్‌జిన్ మెల్లగా తలెత్తాడు.

"గ్యారా బార్, సర్?"

"అవును, పదకొండుసార్లు. దాచడం నాకిష్టం లేదు."

"అచ్ఛా," అన్నాడతను. ఆ ఒక్క 'అచ్ఛా'లో పదకొండు గిన్నెల అనుమానం ఉంది.

గోల్ దగ్గర్నుంచి సుజాత ముసుగు పైకెత్తి తెలుగులో అరిచింది. "అన్నయ్యా! ఇప్పుడెవరడిగారండీ మిమ్మల్ని?"

"నువ్వుండమ్మా, ఇది పారదర్శకత," అన్నాను. మేమిద్దరం వాళ్లకి అర్థంకాని భాషలో మాట్లాడుకున్నామని రెండో జట్టు మొత్తం చెవులు కొరుక్కుంది.

ఆట మొదలైంది. మూడో నిమిషంలో స్టాన్‌జిన్ జట్టు కుర్రాడొకడు కర్ర అడ్డంపెట్టి డోల్మాని పడేశాడు. ఏ గుడ్డివాడైనా ఇచ్చే పెనాల్టీ అది. విజిల్ ఊది రెండు నిమిషాలు బయటికి పంపాను. వెంటనే ప్రేక్షకుల్లోంచి ఒక గొంతు లేచింది.

"ఫిష్ కరీ!"

ఒక గొంతు పది గొంతులైంది. "ఫిష్ కరీ! ఫిష్ కరీ!" అంటూ చప్పట్లతో తాళం కూడా వేశారు. స్టాన్‌జిన్ నా పక్కనుంచి జారుకుంటూ వెళ్తూ, "కోయీ బాత్ నహీ సర్, ఆంటీ బాగా వండుతారు కాబోలు," అని హిందీలో మర్యాదగా అన్నాడు. తిట్టినా బాగుండేది.

నా చెవులు ఎర్రబడ్డాయి. నాకు, నిష్పాక్షికతకే నిలువెత్తు రూపాన్నైన నాకు, పక్షపాతమా! సరే, ఎంత న్యాయంగా ఉంటానో చూపిస్తాననుకున్నాను. తర్వాతి నిమిషంలో డోల్మా కర్ర ఒకడి మోచేతికి తగిలీ తగలనట్టు తగిలింది. పంపేశాను. ఆమె జట్టులో ఇంకో అమ్మాయి "ఎందుకు సర్?" అంది. ఎందుకని అడిగినందుకు ఆమెనీ పంపేశాను.

"అన్నయ్యా, ఇదేం న్యాయం?" అని సుజాత అరిచింది.

నిజమే, ఇది మరీ ఎక్కువైందని నాకూ అనిపించింది. సరిచేయడానికి స్టాన్‌జిన్ జట్టులో ఇద్దర్ని పంపాను. అప్పుడు వాళ్లు "ఫిష్ కరీ" అన్నారు. ఆ మాట మాపడానికి ఇటువైపు ఇంకొకర్ని పంపాను. రూల్ ప్రకారం మంచు మీద గోలీతో కలిపి జట్టుకి ముగ్గురికంటే తగ్గకూడదు కాబట్టి, శిక్ష పడ్డవాళ్లు పెనాల్టీ బెంచీ మీద తమ రెండు నిమిషాల వంతు కోసం ఎదురుచూడాల్సి వచ్చింది. ఒక దశలో ఆ బెంచీ మెట్రోలో లేడీస్ సీటు కంటే కిటకిటలాడింది.

విరామంలో కల్నల్ గారు నన్ను పక్కకి పిలిచారు.

"ప్రసాద్, ఆటని ఆడనిస్తావా?"

"సర్, నేను రెండువైపులా సమానంగా చేస్తున్నాను."

"ఏం చేస్తున్నావు?"

నూట నలభై తొమ్మిది పదాల జవాబు వెతుక్కుంటూనే మళ్లీ మంచు మీదికి వెళ్లాను.

ఇంక చివరి నిమిషానికి వద్దాం. నేనెంత చెడగొట్టినా సుజాత మాత్రం బంగారంలా ఆడింది. డోల్మా జట్టు రెండు, స్టాన్‌జిన్ జట్టు ఒకటి. ఇరవై సెకన్లున్నాయి. స్టాన్‌జిన్ దూసుకొచ్చి పక్‌ని, అంటే బంతికి బదులు వాడే ఆ నల్లటి రబ్బరు బిళ్లని, బలంగా కొట్టాడు. అది సుజాత మోకాలి మెత్తకి తగిలి గోల్ ముందు పడింది. అందరూ దాని మీదికి ఎగబడ్డారు. దగ్గరగా చూద్దామని నేనూ వేగంగా వెళ్లాను. ఆగడం రాదని చెప్పాను కదా, అక్కడ గోడ కూడా లేదు. ఎవరి కర్రో తట్టుకుని, గోల్ పక్కన పొట్ట మీద సాగిలపడ్డాను. మూడు సెకన్లు నాకు మంచు తప్ప మరేమీ కనపడలేదు.

తలెత్తేసరికి సుజాత పడి ఉంది, ఆమె మీద ఇద్దరున్నారు, పక్ కనపడటం లేదు. రింక్ అంతా నావైపే చూస్తోంది. నేను చూడలేదని చెప్పేస్తే సరిపోయేది. అంత చిన్న మాట నా నోటికి రాలేదు. గోల్ ఇవ్వకపోతే మళ్లీ "ఫిష్ కరీ" అంటారన్న ఆలోచన ఒక్కటే నా బుర్రలో తిరిగింది. పడుకునే విజిల్ ఊది, పడుకునే చెయ్యి చాచి గోల్ వైపు చూపించాను.

"గోల్!"

స్టాన్‌జిన్ జట్టు గంతులేసింది. సుజాత ముసుగు తీసి మంచు మీద పెట్టింది. కళ్లలో నీళ్లు.

"లోపలికి వెళ్లలేదన్నయ్యా, ఒట్టు."

"రెఫరీ చూశాడు," అన్నాను, ఇంకా పడుకునే.

"అయితే పక్ ఏది సర్?" అంది డోల్మా.

వల దులిపారు, లేదు. సుజాత లేచి మెత్తలు దులిపింది, లేదు. గోల్ చట్రం ఎత్తి చూశారు, అక్కడా లేదు. అప్పుడు గోల్ పొందిన జట్టు కెప్టెన్ స్టాన్‌జినే నా దగ్గరికి వచ్చి మోకాళ్ల మీద వంగాడు.

"సర్, జరా ఉఠియే."

లేచాను. పక్ నా పొట్ట కింద ఉంది. గోల్ గీతకి మూడడుగుల దూరంలో, నా చారల చొక్కాకి అంటుకుని, నాతో పాటే పైకి లేచింది.

మాల్ పై అంతస్తుల్లో దుకాణాలు తెరుస్తున్నవాళ్లు కూడా ఆగి నవ్వారని తర్వాత తెలిసింది. గోల్ రద్దు చేశాను. మిగిలిన సెకన్లు సుజాత కాపాడింది, వాళ్లు గెలిచారు.

కానీ నా కథ అక్కడ అవలేదు. కల్నల్ గారి లీగ్‌లో ఒక పద్ధతుంది. మ్యాచ్ అయ్యాక రెఫరీ ఆటగాళ్ల ముందు కూర్చుని, ఏ విజిల్ ఎందుకు ఊదాడో చెప్పాలి. అంతకుముందు ఆరుసార్లు ఆ కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాను. ఈసారి రెండు కాళ్లూ దగ్గరపెట్టుకున్నాను.

"ఆ గోల్ ఎందుకిచ్చావు?" అన్నారు కల్నల్ గారు.

"ఇవ్వకపోతే పక్షపాతం అంటారని, సర్."

అప్పుడు సుజాతే అడిగింది.

"మీరు పక్ చూడలేదా అన్నయ్యా?"

"లేదమ్మా."

"మరి ఆ గంటసేపూ ఏం చూస్తున్నారు?"

"నా గురించి ఎవరేమంటున్నారా అని."

"నేను రాత్రంతా నిలబడి వచ్చాను. మీరు మంచివారని అనిపించుకోవడానికి నా ఆట ఇచ్చేస్తారా?"

ఆ మాట ఇవాళ్టికీ గుచ్చుకుంటుంది. సిగ్గేసింది. పుస్తకం నిండా న్యాయం గురించి రాసినవాడికి, ఎదురుగా ఆడుతున్న మనుషులే కనపడలేదు. "తప్పు నాదే, క్షమించండి," అని రెండు జట్లకీ చెప్పాను. ఆ రోజు మొత్తంలో నేను సరిగ్గా ఇచ్చిన తీర్పు అదొక్కటే.

వాళ్లు ఫైనల్‌లో ఓడిపోయారు గానీ సుజాత ఆట సెలెక్టర్లు చూశారు, ఆమె ఢిల్లీ జట్టుకి ఎంపికైంది. ఆ ఫైనల్‌కి రెఫరీ నేను కాదు. కారణం, సోమవారం కల్నల్ గారికి అందిన ఒక ఉత్తరం. రెండు జట్లూ కలిసి రాశాయి, ఒక్కరు కూడా తప్పకుండా సంతకాలు చేశారు. మొదటి సంతకం స్టాన్‌జిన్‌ది, రెండోది సుజాతది. అందులో ఇలా ఉంది: "రెఫరీ గారి మీద వేసిన పక్షపాతపు నింద వెనక్కి తీసుకుంటున్నాం. ఆయన రెండు జట్లకీ సమానంగా అన్యాయం చేశారు. కాబట్టి ఫైనల్‌కి కాస్త పక్షపాతం ఉన్నవాళ్లయినా ఫరవాలేదు, వేరేవాళ్లని పంపగలరు."

అంచేత పాఠకుల సాక్షిగా, కుడిచెయ్యి పొట్ట మీద పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట మా అపార్ట్‌మెంట్ పిల్లల క్యారమ్స్‌కైనా సరే, నన్ను తీర్పు చెప్పమంటే, నా గొప్పతనం గురించి మైకులో చెప్పను. చూడనిది చూడలేదనే అంటాను. అన్నిటికంటే ముఖ్యంగా, ఏ తీర్పైనా లేచి నిలబడ్డాకే చెబుతాను.