పూల్ గట్టు మీద చెరుకాకు ముడి

దయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు మొదటినుంచీ ఒళ్ళుమంట. ఫిజీ దేశంలో, లౌతోకా అనే మా ఊళ్ళో నా ఉద్యోగమంతా మందుల షాపులోనే గడిచింది. ఒక మాత్ర ఎందుకు పనిచేస్తుందో చెప్పగలిగితే నమ్మాను, చెప్పలేకపోతే లేదు. మావాళ్ళ పెళ్ళిళ్ళలో మగవాళ్ళు మత్తెక్కించే యంగోనా వేరు రసం గిన్నె చుట్టూ చేరి తెల్లచీర దయ్యం కబుర్లు మొదలుపెడితే లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని. అలాంటి నేను ఇది రాస్తున్నానంటే మా చెల్లెలు పడీపడీ నవ్వుతుంది. నవ్వనీ.

మా ఇల్లు ఊరికి ఎగువన, కొండవాలులో ఉంది. కొన్నప్పుడే పెరట్లో స్విమ్మింగ్ పూల్ ఉంది. మా ఇద్దరికీ ఈత రాదు. ఇల్లు నచ్చి కొన్నాం, పూల్ దానితోపాటు వచ్చింది. చాలాకాలం అది మాకు పెద్ద నీళ్ళతొట్టి మాత్రమే.

తర్వాత మా ఆయనకు పక్షవాతం వచ్చి కుడికాలు పట్టు తప్పింది. ఆసుపత్రిలో వ్యాయామాలు చేయించే అమ్మాయి, నేల మీద కంటే నీళ్ళలో నడిపిస్తే కాలు త్వరగా దారికొస్తుందని చెప్పింది. ఆ రోజు నుంచి పూల్ మా ఇంట్లో ఒక మనిషైపోయింది. గట్టు మీద కర్ర లేనిదే అడుగు వేయలేని మనిషి, నీళ్ళలో దిగితే చేతులు ఊపుకుంటూ నడిచేవారు. ఒక్క వారం మానేస్తే మళ్ళీ కాలు బిగుసుకుపోయేది. అందుకే ఆ పూల్‌కి ఏమైనా అయితే ఆయన నడకకు అయినట్టే అని నా భయం.

మా ఫిజీ చలికాలం గురించి చెబితే బయటివాళ్ళు నవ్వుతారు. పొద్దున్నే స్వెట్టర్ వేసుకుంటాం, మధ్యాహ్నానికి తీసేస్తాం. కానీ పూల్‌కి అదే గండం. నీళ్ళు చల్లబడతాయని ఎవరూ దిగరు, ఎవరూ దిగట్లేదు కదా అని ఎవరూ పట్టించుకోరు. పైగా మా లౌతోకాలో అదే చెరుకు కోతల కాలం. కోతకు ముందు తోటలు తగలబెడితే నల్లటి మసి రేకులు గాలికి కొట్టుకొచ్చి ఆరేసిన బట్టల మీదా, కార్ల మీదా, నీళ్ళ మీదా వాలతాయి.

నేను మాత్రం వదిలేదాన్ని కాదు. పొద్దున్నే వలతో మసి తోడేసి, సీసాలో నీళ్ళు పట్టి, మందు చుక్కలు వేసి రంగు చూసి, కావలసినంత క్లోరిన్ కలిపేదాన్ని. పంపు కాసేపు తిప్పి, గోడలు బ్రష్‌తో రుద్ది, పైన బుడగల ప్లాస్టిక్ దుప్పటి కప్పేదాన్ని. ఎండెక్కాక దుప్పటి తీస్తే నీళ్ళు నులివెచ్చగా ఉండేవి. అప్పుడు ఆయన దిగేవారు. ఆ పని నాకు పూజతో సమానం. చలికాలంలో కూడా అడుగున పలకలు లెక్కపెట్టగలిగే పూల్ మా వీధిలో మాదొక్కటేనని నాకు కాస్త పొగరు కూడా ఉండేది.

మా అత్తమ్మది ఓడలో వెళ్ళాల్సిన పక్క దీవిలో, లంబాసా వైపు చెరుకు తోట. చివరి రోజుల్లో మా దగ్గరే ఉంది. వానలు లేని కాలంలో వాగు నుంచి నీళ్ళు మోసి పిల్లల్ని పెంచిన మనిషి. పూల్ అంటే ఆవిడకు మంట. "ఇన్ని నీళ్ళు ఊరికే పడున్నాయే బేటీ! మా ఖేత్‌కి పెడితే ఎంత గన్నా అయ్యేది!" అని గట్టు మీద కూర్చుని చెరుకు లెక్కలు వేస్తూ గొణిగేది. పూల్‌లో ఒక్కసారి కూడా కాలు పెట్టలేదు. కానీ నేను పంపు కడిగి నీళ్ళు వదిలితే మాత్రం బకెట్టు పట్టుకుని పరిగెత్తుకొచ్చేది. "పానీ పారబోయొద్దు, బహుత్ పాపం" అనేది.

ఆవిడకు ఇంకో అలవాటు ఉంది. తోటలో ఆవుల కోసం చెరుకాకులు మోపు కట్టేటప్పుడు తాడు వాడరు. ఒక ఆకునే మోపు చుట్టూ తిప్పి, మెలిపెట్టి, చివర లోపలికి దోపుతారు. అత్తమ్మ ఇంట్లో కూడా ఏది కట్టినా అలాగే కట్టేది. కొత్తిమీర కట్టైనా, పాత పేపర్లైనా, పూల్ గొట్టమైనా అదే ముడి. కొండ మీది మా వీధిలో చెరుకాకు ఎక్కడిది, అందుకని పాత చీర అంచు చించి కట్టేది. ఆవిడది ఎడమచేతి వాటం. అందరి మెలి ఒక వైపు తిరిగితే ఆవిడ మెలి రెండో వైపు తిరిగేది. ఆ ముడి విప్పలేక నేను ఎన్నోసార్లు కత్తెర తెచ్చుకున్నాను.

ఆవిడ పోయిన మరుసటి చలికాలం సంవత్సరీకానికి మేం లంబాసా వెళ్ళాం. ఓడ ఆలస్యమై, అనుకున్నదానికంటే ఎక్కువ రోజులు అక్కడే ఉండిపోయాం. తిరిగొచ్చేసరికి గాలికి దుప్పటి ఒక మూలకు చుట్టుకుపోయి ఉంది. పంపు ఆగిపోయి ఉంది. నీళ్ళు పచ్చగా, మీద నల్లటి మసి. అడుగు కనబడలేదు. నాకు ఏడుపొచ్చింది.

మాతోపాటు బావగారు కూడా వచ్చారు. ఆయన మా ఆయనకు పెద్దమ్మ కొడుకు, లంబాసాలో రైతు. పూల్ చూసి తేలిగ్గా నవ్వేశారు. "అరే సుశీలా, ఇందులో ఏముంది? మన టాంకీ లాగే కదా! నీళ్ళు ఖాళీ, రగడ్ రగడ్ సాఫ్, చూనా కొట్టు, ఖతం!" అన్నారు.

తోటల్లో అంతే. వానలు లేని కాలంలో నీళ్ళ టాంకీ ఖాళీ చేసి, గీకి, సున్నం కొట్టి, మళ్ళీ నింపుతారు. మా అందరి ఇళ్ళలోనూ అది చూస్తూ పెరిగాం. నాకూ సబబుగానే తోచింది. పక్కింటి సేరా వాళ్ళు కూడా రంగు వేయించాలని వాళ్ళ పూల్ అప్పటికే ఖాళీ చేశారు. మా ఆయన మాత్రం "అమ్మ ఉంటే ఒప్పుకునేది కాదు" అన్నారు. ఆ మాటకు అందరం నవ్వుకున్నాం.

మర్నాడు పొద్దున్నే బావగారు అద్దెకు తెచ్చిన పంపు నీళ్ళలో దింపి, లావుపాటి గొట్టం కాలువలోకి వదిలి, స్విచ్ వేశారు. నీళ్ళు ధారగా పోవడం చూశాం. ఆ రోజు మా ఆయనకు ఆసుపత్రిలో వ్యాయామం ఉంది. బావగారికి మార్కెట్‌లో పని ఉంది. ముగ్గురం కారులో వెళ్ళాం. గేటుకు తాళం నేనే వేశాను, తాళంచెవి నా సంచిలోనే ఉంది. ఆసుపత్రిలో ఉన్నంతసేపూ మా ఆయన నా ఎదుటే ఉన్నారు. బావగారు కూడా అక్కడ మాతోనే ఉండి, తర్వాత మార్కెట్‌లో నా పక్కనే నిలబడి ముల్లంగి బేరమాడారు. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత నేను మొదట అనుమానించింది వాళ్ళిద్దరినే.

మధ్యాహ్నం తిరిగొచ్చాం. గేటు తాళం వేసినట్టే ఉంది. పెరట్లో చప్పుడు లేదు. నీళ్ళు జానెడు కూడా తగ్గలేదు. పంపు గట్టు మీద ఉంది, దాని వైరు స్విచ్ నుంచి తీసి ఉంది. గొట్టం చుట్ట చుట్టి గోడవార పెట్టి ఉంది.

దాన్ని కట్టింది చెరుకాకుతో. పచ్చి ఆకు, అంచు ఇంకా గరుగ్గా ఉంది.

బావగారు దగ్గరికెళ్ళి వంగి చూశారు. తోటలో పుట్టి పెరిగిన మనిషి, ముడి ఎటు తిరిగిందో ఆయనకు నేను చెప్పాల్సిన పని లేదు. గట్టు మీద కూలబడి, "పిన్ని ముడి" అన్నారు. పంపు మళ్ళీ వెయ్యమంటే చేతులు జోడించారు. ఆ సాయంత్రమే దాన్ని తిరిగిచ్చేసి వచ్చారు.

నాకు మాత్రం కోపం వచ్చింది. ఎవరో ఆకతాయిల పని అనుకుని సేరాను అడిగాను. ఆవిడ పొద్దుటినుంచీ వరండాలోనే కూర్చుని చాపలు అల్లుతోంది. ఎవరూ గేటు దగ్గరికి రాలేదని, పంపు చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోతే కరెంటు పోయిందేమో అనుకున్నానని చెప్పింది. చెరుకు లారీల నుంచి రోడ్డు మీద ఆకులు రాలుతూనే ఉంటాయి, అది నిజమే. కానీ మా వీధి మీదుగా లారీలు పోవు.

ఇక చేసేది లేక నీళ్ళు ఉంచే బాగుచేశాను. మోతాదు పెంచి క్లోరిన్ వేశాను. బావగారూ నేనూ గోడలు రుద్దాం. పూల్ పంపు ఆపకుండా తిప్పాం. పచ్చదనం పోయి నీళ్ళు పాలనీలంగా మారాయి, తర్వాత మెల్లగా తేటపడ్డాయి.

అంతలో వాన వచ్చింది. ఆ నెలల్లో మా వైపు చినుకు పడటమే అరుదు. అలాంటిది కొండంతా కడిగేసినట్టు తెల్లవార్లూ కురిసింది. పొద్దున్నే సేరా గొంతు విని గోడ దగ్గరికి పరిగెత్తాను. వాళ్ళ ఖాళీ పూల్ ఒక వైపు నేలలోంచి పైకి లేచి ఉంది. గట్టు పగిలింది. కొండ మీది నీళ్ళు నేల కిందికి చేరి, లోపల బరువు లేని పూల్‌ని పడవలా లేపేశాయని తర్వాత బాగుచేయడానికి వచ్చినవాళ్ళు చెప్పారు. ఇలాంటి చోట పూల్ ఎప్పుడూ ఖాళీ చేయకూడదట. టాంకీ నేల మీద ఉంటుంది, పూల్ నేలలో ఉంటుంది. ఇంత చదువుకుని నాకు ఆ తేడా తట్టలేదు.

మా పూల్ నిండుగా, కదలకుండా ఉంది. నేను దాని గట్టు మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాను. భయంతో కాదు.

ఆ చలికాలం ఆయన ఒక్క రోజు కూడా నడక మానలేదు. ఇప్పుడు గట్టు మీద కూడా కర్ర లేకుండా నడుస్తున్నారు, కాకపోతే నా చెయ్యి పట్టుకుంటారు. అది అవసరమో అలవాటో నేను అడగలేదు.

ఈ విషయంలో మా ఇద్దరికీ ఇంకా తగాదా తెగలేదు. అత్తమ్మే వచ్చిందనుకుంటే కొడుకు కోసం వచ్చి ఉంటుందని నేనంటాను. "నా కోసమా? నీళ్ళ కోసం! అన్ని నీళ్ళు మోరీలో పోతుంటే మా అమ్మ స్వర్గంలో కుదురుగా కూర్చుంటుందా?" అని ఆయన నవ్వుతారు.

ఆ ముడి నా దగ్గరే ఉంది. నీళ్ళు పరీక్షించే సీసాల పక్కన పెట్టుకున్నాను. ఆకు ఎండి గోధుమరంగుకు వచ్చింది, మెలి మాత్రం వదల్లేదు. నేను ఎన్నిసార్లు ప్రయత్నించినా నా చేతికి అటువైపు తిరగదు. అది ఎవరు కట్టారో నాకు తెలియదు. తెలిసినట్టు నటించను కూడా.

ఇప్పటికీ నేను దయ్యాల్ని నమ్మను. కానీ చలికాలం సాయంత్రాల్లో పూల్ మీద దుప్పటి కప్పి లోపలికి వచ్చేముందు, అటూ ఇటూ చూసి, ఎవరూ వినడం లేదనుకున్నాక, "నీళ్ళు పారబోయలేదు అత్తమ్మా" అని చెప్పి వస్తాను.