కాంటాకి వేలాడిన గినీ పిగ్గులు

నాకు లెక్కలంటే మహా గురి. ఆ గురితోనే పోయినేడాది మా ఇంట్లో రెండు బొచ్చు ప్రాణాలకి తిండి సయించకుండా చేశాను. మా అమ్మాయి చేత కన్నీళ్ళూ పెట్టించాను. తిట్టుకుందురు గానీ, ముందు వినండి.

ఫిషింగ్ హార్బర్లో చేపలు తూచడం నా పని. బడి మధ్యలోనే మానేశాను గానీ శాతాలూ సగటులూ కాంటా దగ్గరే నేర్చుకున్నాను. జ్వరం తగ్గిందని డాక్టరు చెబితే, ఎంత నుంచి ఎంతకి తగ్గిందని అడిగే రకం నేను.

మా అమ్మాయి దివ్య, మద్దిలపాలెంలో ఉండే స్నేహితురాలి దగ్గర్నుంచి రెండు గినీ పిగ్గుల్ని తెచ్చింది. ఎలుకకీ కుందేలుకీ పెళ్ళి చేస్తే పుట్టినట్టుంటాయి. నల్లది మినుము, పసుపురంగుది శనగ. నేను దగ్గితే చాలు, రెండూ అట్టపెట్టెలో దూరి, మాస్టారు ప్రశ్న అడిగిన క్లాసులా నిశ్శబ్దమైపోయేవి.

“నాన్నా, ఇవి మనల్ని నమ్మితేనే కడుపునిండా తింటాయి. నాను కాలేజీకెళ్ళినప్పుడు నువ్వే సూసుకోవాల” అంది దివ్య.

“నమ్మినాయో లేదో ఎలా తెలుత్తాదే?”

“తెలుత్తాదిలే నాన్నా!”

తెలుస్తుందిలే అంటే నాకు కుదరదు. ఆలోచించాను. నమ్మితే తింటాయి. తింటే బరువు పెరుగుతాయి. కాబట్టి బరువు పెరిగితే నమ్మినట్టే. ఇందులో తప్పెక్కడుందో మీరే చెప్పండి!

మర్నాటి నుంచి హార్బర్ నుంచి రాగానే రెండింటినీ పట్టుకుని, చేపల తట్టలో వేసి, దూలానికి కట్టిన స్ప్రింగు కాంటాకి తగిలించేవాణ్ణి. తట్ట తుఫానులో పడవలా ఊగేది. లోపల్నుంచి “వీక్! వీక్!” అని కేకలు. ముల్లు నిలబడేదాకా ఓపిగ్గా ఆగేవాణ్ణి. తూకంలో తొందర పనికిరాదు కదా.

బరువు తగ్గింది. కంగారుపడి సాయంత్రం కూడా తూచాను. ఇంకా తగ్గింది. మా బావమరిది ఎర్రయ్య గుమ్మంలో నిలబడి, “కాంటా పాడయ్యుంటాది బావా” అన్నాడు.

“నా కాంటాయా? ముందు నీ కళ్ళు సూపించుకో!”

అన్నాను గానీ, అనుమానంతో వేరే కాంటా తెచ్చి మళ్ళీ తూచాను. అదీ తగ్గిందనే చూపించింది. మినుము, శనగ నన్ను చూస్తేనే వణికిపోతున్నాయి. ఎంత తగ్గాయో సాయంత్రం చెప్పగానే దివ్య గోడవైపు తిరిగింది.

“మనిల్లు ఈటికి పడ్లేదు నాన్నా. ఆదివారం తిరిగిచ్చెత్తాను.”

మర్నాడు ఎలాగైనా నాలుగు గ్రాములు పెరిగి ఉంటాయన్న ఆశతో తట్ట తగిలించాను. సరిగ్గా అప్పుడే మా ఆవిడ నూకరత్నం పూర్ణా మార్కెట్లో చేపలమ్ముకుని పెందలాడే ఇంటికొచ్చింది.

“ఏటయ్యా అది? ఏటి సేత్తన్నావ్?”

“తూత్తన్నాను. మనమంటే బయం పోయిందో లేదోనని.”

“నిన్నట్టుకెళ్ళి పోర్టు క్రేనుకి యేలాడగట్టి, బయం పోయిందా అనడిగితే, దిగొచ్చి అన్నం తింతావేటి?”

నేను నేర్చిన గణితమంతా ఒక్కసారిగా సముద్రంలో కలిసిపోయింది.

సాయంత్రం సంగతి విని దివ్యకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. “సేపల తట్టలోనా నాన్నా! సర్లే, ఆదివారం దాకా సూద్దాం. కింద కూకో. కొత్తిమీర అట్టుకుని సెయ్యి నేల మీదెట్టు. కదలొద్దు. లెక్కెట్టొద్దు.”

కూర్చున్నాను. కదలకపోవడం తేలికే. లెక్కపెట్టకుండా ఉండడం మాత్రం బిర్యానీ ముందు కూర్చుని ఉపవాసం చేసినట్టుండేది. మొదట్లో అట్టపెట్టెలోంచి మీసం కూడా కనబడలేదు. తర్వాత శనగ ఒక కాడ లాక్కుని పరుగెత్తింది. ఆదివారం పొద్దున్న అదే మెల్లగా నా ఒళ్ళోకెక్కి, కొత్తిమీరంతా తిని, లుంగీ తడిపి, నిద్రపోయింది. వెనకాలే మినుమూ వచ్చి నా మోకాలికి ఆనుకుంది. కాళ్ళు తిమ్మిరెక్కినా నేను కదిలితే ఒట్టు.

“బావా, అదెంత తూగుతాదేటి?” అన్నాడు ఎర్రయ్య.

దివ్య నా నోటివైపే చూస్తోంది.

“తెలీదు” అన్నాను. అలా అనడం నా జన్మలో అదే మొదలు.

దివ్య ఫోన్ తీసి స్నేహితురాలితో, “తేట్లేదే. ఉంచేసుకుంటన్నాం” అంది.

ఆనాటి నుంచీ సముద్రం సాక్షిగా నా ప్రమాణం ఇదే: ఊపిరున్న ఏ జీవి నమ్మకాన్నీ ఇక కిలోల్లో కొలవను. గ్రాముల్లో కూడా.