ఢోలక్ పక్కన చెంచా

మాదన్నపేటకు కాపురానికొచ్చిన కొత్తలో మా అత్తమ్మ నా చేతిలో పెట్టింది నగ కాదు, వంటింటి చెంచా. అవి పందొమ్మిది వందల యాభైల తొలినాళ్ళు. మా గల్లీల్లో పెళ్ళంటే అత్తమ్మ ఢోలక్ ఉండాల్సిందే. పెళ్ళిపిల్లకు పసుపు పూసే రోజు ఆడవాళ్ళంతా చుట్టూ చేరితే, ఆమె ఢోలక్‌ను మోకాలి కింద అదిమిపట్టి, పాడుతూ వాయించేది. చిన్నప్పుడు ఆపా అని పిలుచుకునే పొరుగింటి ముస్లిం అక్క దగ్గర కూర్చొని నేర్చుకుందట. పక్కన ఇంకొకరు ఢోలక్ చెక్క మీద చెంచాతో టక్ టక్ అని కొడుతూ ఉండాలి. పాట పరుగెత్తకుండా పట్టి ఉంచేది ఆ చెంచానే. ఆ పని నాకు పడింది.

నాకు ఒళ్ళు మండేది. నేను ఆశపడింది ఢోలక్ మీద, దొరికింది చెంచా.

"అత్తమ్మా, నాకు వాయించుడు ఎప్పుడు చెప్తవ్?" అంటే, "ముందుగాల చెంచా సక్కగ కొట్టు. పాట జోరందుకోంగనే నువ్ గూడ ఉరుకుతవ్. ఏంది, రైలు పోతదా నీకు?" అనేది.

నిజమే, పాట బాగుంటే నా చెయ్యి ఆగదు. సంతోషమొచ్చినప్పుడు నిదానంగా ఉండమంటే ఎట్లా?

మధ్యాహ్నం ఆమె నడుం వాల్చాక, ఖాళీ బియ్యం డబ్బా ముందేసుకొని నాకు నేనే వాయించుకునేదాన్ని. ఎడమ అరచేత్తో ఒక దెబ్బ, కుడి వేళ్ళతో గబగబా నాలుగు. ఆ రేకు డబ్బా పలికితే నాకు ఆకలి కూడా గుర్తుండేది కాదు. ఒకనాడు ఆమె కళ్ళు మూసుకునే, "ఎడమ చెయ్యితోని బాదకు, జారనియ్యి" అంది. ఆమె నిద్రపోలేదని అప్పుడు తెలిసింది నాకు. ఆ రోజు నుంచి ఆమె పడుకొనే చెప్పేది, నేను డబ్బా మీద కొట్టేదాన్ని. ఢోలక్‌ను మాత్రం ముట్టనిచ్చేది కాదు.

ఎందుకు ముట్టనివ్వదో వానలు పడ్డాక తెలిసింది. పొద్దున లేచేసరికి ఆమె వేళ్ళు ముడుచుకుపోయి ఉండేవి. రొట్టెల పిండి పిసకడానికి నన్ను పిలిచేది. తేమకు ఢోలక్ తోలు వదులైతే కుంపటి సెగ చూపిస్తారు కదా, ఆ సెగకే తన వేళ్ళూ కాచుకునేది. "నొస్తున్నయా అత్తమ్మా?" అంటే, "నాకేం రోగం?" అని కసిరేది. బస్తీలో అందరూ ఆమెను ఢోలక్ అమ్మ అని పిలిచేవారు. ఢోలక్ పోతే ఇక తనకేం మిగులుతుందని ఆమె భయం. అది అర్థమయ్యాక నేను అడగడం మానేశాను. శ్రావణంలో మా ఆడబిడ్డ పెళ్ళి. కూతురి పసుపుకు తానే వాయించాలని ఆమె పంతం. వాయించలేకపోతే ఎట్లా అన్న ఫికర్ ఇద్దరికీ ఉంది.

పసుపు రోజు పొద్దున్నుంచి ముసురు. ముందు గది నిండా ఆడవాళ్ళు. మొదటి పాటలు బాగానే సాగాయి. తర్వాత ఆమె కుడిచేతి దెబ్బ ఒకటి తప్పింది. కాసేపటికి ఇంకొకటి. నేను చెంచాను గట్టిగా కొట్టి కప్పిపుచ్చాను. పీట మీద కూర్చున్న పెళ్ళిపిల్ల మావైపు చూసింది. అత్తమ్మ ముఖం పాలిపోయింది, కానీ పాట ఆపలేదు. పాడుతూనే మోకాలు తీసి, ఢోలక్‌ను నా ముందుకు తోసి, నా చేతిలోని చెంచా లాక్కుంది.

"కొట్టు" అంది.

కళ్ళు మూసుకొని బియ్యం డబ్బాను తలచుకున్నాను. అరచేతి కింద తోలు పలికింది, ఒళ్ళు ఝల్లుమంది. ఆ సంబరంలో ఎప్పటిలాగే ఉరకడం మొదలుపెట్టాను. అప్పుడు వినబడింది చెంచా. టక్, టక్, నిదానంగా. నేనెంత తొందరపడినా అది తొందరపడలేదు. చివరికి నేనే దాని దారికి వచ్చాను. బిగుసుకుపోయిన ఆ వేళ్ళకు చెంచా పట్టు సరిగ్గా సరిపోయింది.

పాట అయ్యాక ఛత్రినాక బస్తీ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ నవ్వుతూ, "ఏందక్కా, ఢోలక్ ఇడిసి చెంచాకు దిగినవ్?" అంది. నేను తలొంచుకున్నాను. ఆ మాటకు అత్తమ్మ ఏమైపోతుందోనని భయమేసింది.

అత్తమ్మ చెంచా కింద పెట్టలేదు.

"కోడలికి నేర్పిస్తున్న" అంది. నాకు ఏడుపొచ్చింది. ఆమె అప్పటికే ఇంకో పాట ఎత్తుకుంది.